కాలు మోపని పరీక్ష

సంఘముల సంచికలలో పండుగలను గూర్చియు, కవులను గూర్చియు, పూర్వుల వలసలను గూర్చియు వ్రాయుట వాడుక. మేము మోటారు సైకిళ్లను గూర్చి వ్రాయబూనితిమి. ఇది చూచి చదువరులు నవ్వుకొనవచ్చును. అయినను ధర్మాబాదున స్థిరపడిన తెలుగు కుటుంబములలో, పట్టణమున దుకాణమును గోదావరి దిక్కున చేనును గలవారు పెక్కురు. దుకాణమునకును చేనికిని నడుమనున్న బాటమీదనే వారి జీవితములో సగము గడచిపోవును. ఆ బాట దాటించు వాహనము వారికి చిన్న విషయము కాదు. మా ఇంట అట్టి వాహనము మూలమున ఒక కలత పుట్టినది. ఆ కలత తీరుటకు ఒక వింత పరీక్ష జరిగినది. ఆ పరీక్షను గూర్చియే ఈ నాలుగు మాటలు.

మా ఊరి సంగతి ఈ సంచిక చదువువారికి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విడిపోయినప్పుడు, నాందేడు జిల్లాలోని ముధోలు, భైంసా, కుభీరు సర్కిళ్లు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. ధర్మాబాదు బొంబాయి రాష్ట్రమునకు చెందినది. 1960 మే 1 నుండి అది మహారాష్ట్రము. రైలెక్కినచో కొద్ది నిమిషములలో బాసర వచ్చును. అక్కడ స్టేషను పలకమీద మన అక్షరములు కనబడును. మా పట్టణము పేరు చెప్పగనే బయటివారికి జ్ఞప్తికి వచ్చునది ఎర్రని ఎండుమిరప. మా తండ్రిగారు మిరప అడితి దుకాణమున గుమాస్తాగా చేరి, కొంతకాలమునకు పట్టణమునకు రెండు కోసుల దూరమున ఆరెకరముల రేగడి కొనిరి. మేము ముగ్గురన్నదమ్ములము. మాలో ఒకరము బడిపంతులుగా పనిచేసి విరమించితిమి. ఒకరము నేటికిని దుకాణము చూచుకొనుచున్నాము. చేను మాత్రము మొదటినుండియు మా అన్నగారిదే. కాగితముమీద ముగ్గురిదియు, చెమట మాత్రము వారిదే.

రేగడి స్వభావము ఎరుగనివారికి ఒక మాట చెప్పవలెను. ఎండకాలమున అది పగుళ్లు విచ్చి, ఆ పగుళ్లలో చేయి దూరునంత వెడల్పగును. వాన పడగనే నీరు త్రాగి ఉబ్బును. అప్పుడు దానిమీద నడచిన మనిషి చెప్పులు చెప్పులుగా ఉండవు. ఒక్కొక్క చెప్పునకు రెండేసి సేర్ల మన్ను అంటుకొనును. ఎద్దులబండి గాడి పడిన చోట మోటారు సైకిలు దిగినచో, మన్ను చక్రమునకు చుట్టుకొని, చక్రమునకును మడ్‌గార్డునకును నడుమనున్న సందును పూడ్చివేసి, చక్రమును తిరుగనీయదు. ఇంజను మ్రోగుచునే యుండును. బండి మాత్రము గుంజకు కట్టిన దూడవలె కదలదు. ఇట్టి చిక్కు మా బాటన ఆషాఢము మొదలు భాద్రపదము దాక ఉండును.

ఆ బాటన మా అన్నగారు నడపు బండి తండ్రిగారి కాలపుది. 1970 ప్రాంతములలో కొన్నది; పెట్రోలులో నూనె కలిపి పోయవలసిన రెండు స్ట్రోకుల ఇంజనుది. దాని పొగవాసన మా ఇంటి పిల్లలకందరికిని పరిచితము. మా వీధిలో నేటికిని ముసలివారు మోటారు సైకిలును ఫట్‌ఫటీ అనియే పిలుతురు. ఆ పేరు ఈ బండినిబట్టియే పుట్టినదా యనునట్లు అది శబ్దము చేయును. తండ్రిగారు కాలము చేసిన తరువాత దానిని అమ్మివేయుదమని మేము రెండుమారులు అంటిమి. అన్నగారు వినలేదు.

2022 శ్రావణమాసమున, వరుసగా నాలుగు దినములు వాన కురిసి వెలిసిన నాటి ఉదయము, అన్నగారు సోయాచిక్కుడు చేనిలో నీరు నిలిచినదేమో చూచి వత్తునని బయలుదేరిరి. అప్పటికి వారికి అరువది యేడేండ్లు. వాగు దాటిన తరువాత బండి గాడిలో దిగి ప్రక్కకు ఒరిగినది. ఎడమకాలు బండిక్రింద చిక్కినది. మెత్తని మన్నగుటచేత ఎముక విరుగలేదు గాని, ఆ మెత్తదనముచేతనే కాలు పైకి తీయ శక్యము కాలేదు. సెల్‌ఫోను జేబులో, బండిక్రింద ఉండిపోయినది. దగ్గరదగ్గర ఒక గంటసేపు వారు ఆ బురదలో ఆకాశము చూచుచు పడియుండిరి. పొరుగు చేని మరాఠీ రైతు ఎద్దులను తోలుకొని వచ్చుచు చూచి, "అణ్ణా, థాంబా థాంబా" అని కేకవేయుచు పరుగెత్తి వచ్చి, ఇంకొకరిని పిలిచి, ఇద్దరును కలిసి బండినెత్తిరి. ఇంటికి తీసికొని వచ్చునప్పటికి అన్నగారి ఒడలెల్ల నల్లని మన్ను. వారు మొదట అడిగినది బండి ఎక్కడ అని.

ఆనాటినుండి మా ఇంట మాటలు పెరిగినవి. చేను కౌలునకు ఇచ్చివేయుదమని మాలో ఒకరు. అమ్మివేసి సొమ్ము బ్యాంకులో వేయుదమని ఇంకొకరు. వదినెగారు బండి తాళపుచెవి బియ్యపు డబ్బాలో దాచిరి. అన్నగారు దానిని వెదకి తీసికొనిరి. "మీరందరు కలిసి నన్ను ఇంట్ల కూసోబెట్టాలని చూస్తున్నరు" అని ఒకనాడు భోజనమువద్ద నుండి లేచి వెళ్లిరి. అటుపిమ్మట రెండు నెలలు మాతో సరిగా మాటలాడలేదు. అన్నదమ్ముల నడుమ భూమివలన పుట్టు తగవులు మనము ఎన్నియో వినియున్నాము. మాది భూమికై వచ్చిన తగవు కాదు. ఒక ముసలివాని మోకాలికై వచ్చినది. అయినను చేదు అంతయే.

మాలో పంతులుగారి కుమారుడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. దీపావళికి వచ్చినప్పుడు ఈ సంగతులన్నియు విని, పెద్ద వాదములేమియు చేయక, తన ఫోనులో ఒక దృశ్యమును అన్నగారికి చూపించెను. అందులో ఒకడు కూర్చుండు సీటు లేని సన్నని మోటారు సైకిలుమీద నిలుచుండి, ఏటిలోని బండలమీదుగా, నడచు మనిషికన్న మెల్లగా, కాలు నేల మోపకుండ పోవుచుండెను. అన్నగారు రెండుమారులు చూచిరి. "ఇది సర్కసు గాదా?" అనిరి. "సర్కసు గాదు పెద్దబాపూ, పోటీ. దీన్ని ట్రయల్స్ అంటరు" అని వాడు చెప్పెను.

ఆ పోటీని గూర్చి మేము పిమ్మట తెలిసికొన్న సంగతులు కొన్ని ఇచట వ్రాయుట అనుచితము కాదు. మోటారు సైకిలు పందెమనగనే మనము వేగమును తలంతుము. ఇది వేగముతో నిమిత్తము లేనిది. రాళ్లు, బురద, వాగులు, నిట్టమిట్టలు గల చిన్న చిన్న తావులను గీతలతో గుర్తించుదురు. నడపువాడు ఆ గీతల నడుమ కాలు నేల మోపకుండ దాటవలెను. ఒకసారి మోపినచో ఒక తప్పు, రెండుసార్లు మోపినచో రెండు, మూడును అంతకు మించియు అయినచో మూడు. పడిపోయినను, గీత దాటినను ఐదు. అన్నింటికన్న తక్కువ తప్పులు గలవాడు గెలుచును. సున్న వచ్చినవాడు ఉత్తముడు. మన బడిలో సున్నకు లేని గౌరవము అక్కడ ఉన్నదన్నమాట.

ఈ పోటీలలో పేరుపొందినది స్కాట్లండు కొండలలో జరుగునది. 1909లో ఐదు దినముల పోటీగా ఆరంభమై, పిమ్మట ఆరు దినముల పోటీయైనది. మనము నిత్యము వీధిలో చూచు బుల్లెట్టునకును దీనికిని చుట్టరికమున్నదని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి. జానీ బ్రిటన్ అను ఆంగ్లేయుడు రాయల్ ఎన్‌ఫీల్డు బండిమీద 1952లోను, 1957లోను ఆ స్కాట్లండు పోటీని గెలిచెను. ఆ రెండు గెలుపుల నడుమనే, 1955లో, మద్రాసున ఆ బండ్లను తయారుచేయుటకు కంపెనీ ఏర్పడినది. పిమ్మట ఉత్తర ఐర్లండునకు చెందిన శామీ మిల్లరు 1965లో స్పెయిను దేశపు బుల్టాకో అను తేలికైన రెండు స్ట్రోకుల బండిమీద అదే పోటీని గెలిచెను. అంతటితో బరువైన నాలుగు స్ట్రోకుల బండ్ల కాలము ఈ క్రీడలో తగ్గుముఖము పట్టినది. నేటి ట్రయల్స్ బండి డెబ్బది కిలోల ప్రాంతమున మాత్రమే తూగును. మన ఇంటి బియ్యపు బస్తా మీద ఒక చిన్నపిల్లను కూర్చుండబెట్టినంత బరువు.

అట్టి బండి మా ప్రాంతమున దొరకునది కాదు. అయినను పిల్లవాడు, "దొరికిన బండ్లనే మన చేను కాడ ఆ పద్ధతిల పరీక్ష పెడుదం. ఏ బండి గెలిస్తే పెద్దబాపు అది నడుపుతడు" అనెను. అన్నగారు వెంటనే ఒప్పుకొనిరి. తమ పాత బండియే గెలుచునని వారి ధీమా. క్రొత్త బండి గెలుచునని పిల్లవాని ఆశ. ఏ బండియు గెలువక, అన్నగారే మానుకొందురని మా ఇద్దరి కోరిక. ముగ్గురమును మూడు కోరికలతో ఒకే పరీక్షకు సిద్ధపడితిమి.

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారము నిర్ణయమైనది. శనగకోతలు సాగుచున్న దినములు. జొన్న కంకులమీద పిట్టలు వ్రాలుచుండెను. బాభళీ ఆనకట్ట తలుపులు, 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, జులై 1 నుండి అక్టోబరు 28 వరకు ఎత్తియుంచి, తరువాత దించుదురు. అందుచేత ఆ ఋతువున గోదావరి నిలిచిన నీటితో కనబడుచుండును. పరీక్షకు ఐదు తావులు ఏర్పరచితిమి. పిల్లవాడు వానిని సెక్షనులనెను, అన్నగారు గండములనిరి, ఆ పేరే నిలిచినది. చేని గట్టు ఎక్కి దిగుట మొదటి గండము. వాగులోని గుండ్రాళ్లు రెండవది. ఎద్దులబండ్ల గాడి మూడవది. వేపచెట్టు చుట్టును ఇరుకు మలుపు నాలుగవది. ఇక ఐదవది రేగడి బురద. వాన లేని కాలమగుటచేత, ముందునాటి సాయంకాలము బావి మోటారు పెట్టి, అన్నగారు పడిన చోటనే ఇరువది అడుగుల మేర నీరు పారించితిమి. గీతలు గీయుటకు సున్నము తెత్తుమనుకొనుచుండగా, మా కోడలు ముగ్గుపిండి డబ్బా తెచ్చి, ఐదు గండములకును రెండేసి గీతలు చక్కగా గీసెను. వదినెగారు దూరమునుండి చూచి, "సంక్రాంతి మళ్ళొచ్చిందా?" అని నవ్విరి. ఆరు నెలలలో ఆమె నవ్వుట అదే మొదటిసారి.

బండ్లు నాలుగు. ఒకటి మా ఇంటిది. రెండవది పట్టణములో ఒక మిత్రుడు ప్రాణమువలె కాపాడుకొనుచున్న ఎజ్డీ. మూడవది నిజామాబాదు నుండి పిల్లవాని స్నేహితుడు తెచ్చిన బుల్లెట్ ట్రయల్స్ 350. పాత పోటీల జ్ఞాపకార్థము రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీవారు 2019 మార్చిలో దీనిని విడుదల చేసిరి. మరుసటి సంవత్సరమునకే దీని తయారీ ఆగిపోయినది. సైలెన్సరు పైకెత్తి అమర్చబడియుండును. సీటు ఒక్కరికే, వెనుక సామాను కట్టుటకు చట్రము. బరువు సుమారు 187 కిలోలు. నాలుగవది నాందేడు నుండి వచ్చిన హీరో ఎక్స్‌పల్స్ 200. అదియు 2019లో వచ్చినదే. సుమారు 154 కిలోలు. ముందు చక్రము పెద్దది. ఇంజను అడుగుభాగము నేలకు 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉండును.

తప్పులు లెక్కించు పని అన్నగారి మనుమరాలిది. ఆమె మరాఠీ బడిలో ఐదవ తరగతి చదువుచున్నది. ఒక అట్టమీద గడులు గీసికొని, బండ్ల పేర్లు నాగరిలిపిలో వ్రాసికొని, వేపచెట్టు క్రింద కూర్చుండెను. మొదటి బండి గట్టెక్కగనే "ఏక్... దోన్..." అని గట్టిగా లెక్కపెట్టెను. అన్నగారు ఆగి, "మన చేన్ల తెలుగుల లెక్కపెట్టు బిడ్డా" అనిరి. ఆమె ఒక క్షణము తడుముకొని, "ఒకటి... రెండు..." అనెను. మూడు దాటి లెక్కింపవలసిన పని ఆ ఆటలో లేదు గనుక ఆమె తెలుగునకు ఆ పూట చిక్కు రాలేదు. మేము నవ్వితిమి గాని, ఇండ్లలో భాష ఏపాటి నిలిచినదో ఎరిగినవారి నవ్వు అది.

మొదట పిల్లవాడు నాలుగు బండ్లను నడపెను. నడపుటకు ముందు టైర్లలో గాలి తీసెను. ఇరువది యెనిమిది పౌనులుండునది పదునెనిమిదికి తగ్గించెను. గాలి తగ్గినచో టైరు నేలమీద వెడల్పుగా పరచుకొని, రాతిని తన్నక, దానిని కరచుకొనునని చెప్పెను. తరువాత నిలుచుండుట నేర్పెను. సీటుమీద కూర్చున్నవాని బరువు బండితోపాటు ఎగిరిపడును. ఫుట్‌రెస్టులమీద మోకాళ్లు కొంచెము వంచి నిలుచున్నవాని క్రింద బండి తనంత తాను ఊగును, మనిషి ఊగడు. చూపు ముందు చక్రముమీద ఉంచరాదు. పదిమూరల దూరమున, పోవలసిన చోట ఉంచవలెను. మొదటి గేరులో క్లచ్చిని సగము పట్టి సగము విడుచుచు, రేజు కొలదికొలదిగ ఇయ్యవలెను. ఈ మాటలు వినుచు అన్నగారు మాటిమాటికి తల ఊపిరి. నలుబది యేండ్లుగా గాడిలో నడపినవారికి ఇందులో క్రొత్తది తక్కువ. పేర్లు మాత్రమే తెలియవు.

పిల్లవాని లెక్క ఇట్లు వచ్చినది. మా పాత బండిమీద పదునొకండు తప్పులు. బురదలో మన్ను మడ్‌గార్డు క్రింద నిండి చక్రము నిలిచిపోగా, వాడు ప్రక్కకు పడి, అక్కడనే ఐదు తెచ్చుకొనెను. ఎజ్డీమీద తొమ్మిది. ఆ బండిలో కిక్కు కొట్టు కాడయే మడిచినప్పుడు గేరుకాడగా పనిచేయును. దానికి అలవాటు లేని పిల్లవాడు కంగారుపడి రెండు గండములలో కాలు మోపెను. అది బండి తప్పు కాదు, వాని వయస్సు తప్పు. బుల్లెట్టుమీద ఎనిమిది. ఆ ఇంజను మెల్లని నడకలో కూడ ఎద్దువలె లాగుచు, గట్టు ఎక్కునప్పుడు ఆయాసపడలేదు. ఎక్స్‌పల్స్‌మీద నాలుగే. దాని ముందు మడ్‌గార్డు చక్రమునకు బాగుగ ఎత్తున ఉండుటచేత మన్ను రాలిపోయినది. ఇదియే మాకు ఆ దినమున మొదట తెలిసిన ఉపయోగకరమైన సంగతి: రేగడిలో ఇంజను శక్తికన్న మడ్‌గార్డు క్రింది జానెడు ఖాళీ ఎక్కువ మేలు చేయును.

మేమిద్దరమును నడపితిమి. మా లెక్క వ్రాయము. ఒకరము వాగులో తడిసితిమి, ఒకరము ముగ్గుగీతను వేపచెట్టు దాక ఈడ్చుకొనిపోతిమి అని మాత్రము చెప్పుదుము. చూడవచ్చిన మరాఠీ రైతులు, తెలుగు రైతులు ఏకభాషలో నవ్విరి.

తరువాత అన్నగారు. వారు పంచె ఎగగట్టి, హెల్మెటు పెట్టుకొని, మొదట తమ బండినే ఎక్కిరి. గట్టు ఎక్కినది, దిగినది, తప్పు లేదు. వాగు గుండ్రాళ్లమీద బండి నీటిలో బాతు పోయినట్లు పోయినది, తప్పు లేదు. గాడిలో అంచు పట్టి నడపిరి, తప్పు లేదు. వేపచెట్టు మలుపున ఒకసారి కాలు తగిలినది. అందరమును చప్పట్లు కొట్టితిమి. పిల్లవాడు "పెద్దబాపూ, స్కాట్లండు పోదామా?" అని అరచెను. అన్నగారి ముఖమున ఆ వెలుగు చూచి మేము మా కోరిక తప్పేమో అనుకొంటిమి.

ఐదవ గండమున ప్రవేశించిరి. గీతల నడుమనే గడ్డి మొలచిన అంచును వెదకి పట్టిరి. మన్ను ఎక్కడ తక్కువ చుట్టునో వారికి తెలియును. సగము దాటిరి. అప్పుడు వెనుక చక్రము జారినది. ఎడమకాలు మోపిరి. బండి లేచి రెండడుగులు పోయి మరల జారినది. మరల మోపిరి. మనుమరాలు "మూడు" అని లెక్క ఆపినది గాని, అన్నగారి కాలు ఆ తరువాతను నాలుగైదుసార్లు నేలను వెదకెను. మేము దగ్గరనుండి చూచితిమి. కాలు మోపినప్పుడెల్ల మోకాలు లోనికి ఒరిగెను. బండి బరువు దానిమీద పడగనే అది ఎండిన జొన్నదంటువలె వణకెను. అయినను దాటిరి. ఆ బండిమీద వారి మొత్తము నాలుగు తప్పులు. పిల్లవాని పదునొకండుకన్న ఎంతో మేలు.

విశ్రాంతి తీసికొనుమని చెప్పినను వినక, మిగిలిన మూడు బండ్లను కూడ నడపిరి. ఎజ్డీమీద ఏడు, బుల్లెట్టుమీద ఆరు. ఎక్స్‌పల్స్‌మీద ఎనిమిది, అది తేలికయే గాని సీటు ఎత్తు. అన్నగారు పొట్టివారగుటచేత మునివ్రేళ్లు మాత్రమే నేలకు అందినవి. బురదలో ఆ బండి ఒరిగినప్పుడు అందని కాలు ఆపలేకపోయినది. పిల్లవాడు ప్రక్కన పరుగెత్తుచుండుటచేత పట్టుకొనెను. లేనిచో శ్రావణమాసము మరల జరిగియుండును. పిల్లవానికి అన్నింటికన్న మేలైన బండి అన్నగారికి అన్నింటికన్న కీడైనది. పత్రికలలో చదివి బండ్లను ఎన్నువారు ఈ సంగతి తలచుకొనవలెను. బండికి తగిన బాట ఉన్నట్లే, కాలికి తగిన బండి ఉండును.

వేపచెట్టు నీడన జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఊచబియ్యము తినుచు లెక్కలు చూచితిమి. పాత బండి గెలిచినదని అన్నగారు అందురని అనుకొంటిమి. వారి వరకు అది నిజమే. కాని వారు మనుమరాలి చేతినుండి అట్టను తీసికొని, నాగరిలో వ్రాసిన పేర్లను ఒక్కొక్కటిగా చదివి, ఐదవ గడిమీద వ్రేలుంచిరి. వారి పేరున అందులో మూడు, మూడు, మూడు, ఐదు అని ఉండెను. చాలసేపు చూచిరి. తరువాత మా దిక్కు తిరిగి, "కాలు పెట్టిన్నని కాదురా. పెట్టిన కాలు నిలవలే" అనిరి.

మేమెవ్వరమును ఏమియు అనలేదు. ఆరు నెలలుగా మేము ఆ మాటనే వేరు వేరు విధములుగా వారికి చెప్పుచుంటిమి. మా నోట అది అధికారమువలె, భూమిపై ఆశవలె, జాలివలె వినబడినది. వారి మోకాలు అదే మాటను బురదలో నాలుగుసార్లు చెప్పగా వినిరి. పెద్దలతో వాదించి గెలువవలెనని మనము చూతుము. వారికి తమంత తాము చూచుకొను అవకాశమును, చూచునప్పుడు ప్రక్కన పరుగెత్తు ఒక మనిషిని ఇచ్చుట మాకు తోచలేదు. తోచినది ఇరువది యైదేండ్ల పిల్లవానికి. వాడును ఇంత ఆలోచించి చేయలేదు, క్రొత్త బండి కొనిపింపవలెనని చేసెను.

ఆ సాయంకాలమే ఏర్పాటు జరిగినది. చేను అమ్ముట లేదు, కౌలునకు ఇచ్చుట లేదు. ఆషాఢము నుండి భాద్రపదము వరకు అన్నగారు ఒంటిగా బండిమీద పోరు. పొరుగు రైతు బండికట్టినప్పుడు దానిలో పోవుదురు, లేదా మాలో ఒకరితో కాలినడకన పోవుదురు. క్రొత్త బండి కొనలేదు. బజారులో వెల్డింగు చేయువానివద్దకు పాత బండిని తీసికొనిపోయి, ముందు మడ్‌గార్డును మూడంగుళములు పైకెత్తించితిమి. అయిన ఖర్చు చెప్పినచో బండ్ల దుకాణములవారు నొచ్చుకొందురు. తాళపుచెవి మేకునకు తగిలించబడినది. బియ్యపు డబ్బాలో దాచు పని తప్పినది. వానకాలమున శని ఆదివారములు వచ్చి చూచెదనని పిల్లవాడు మాట ఇచ్చెను. ఆ యేడు నాలుగుసార్లు వచ్చెను. ప్రతివారము రాలేదు, హైదరాబాదు ఉద్యోగము ఎట్టిదో మనకు తెలిసినదే. వచ్చిన నాలుగుసార్లును అన్నగారి వెంట బురదలో నడచెను. ఆ నడకలలో గట్ల పేర్లు, సరిహద్దు రాళ్ల గుర్తులు, ఏ మూల ఏ పంట పండునో ఆ వివరములు వానికి తెలుగులో అందినవి. మా ఇద్దరికిని అవి నేటికిని పూర్తిగా తెలియవు.

మరుసటి ఫిబ్రవరిలో బండ్లు లేకున్నను, మా కోడలు ఐదు గండములకును మరల ముగ్గువేసెను. మనుమరాలు తన తోటి పిల్లలను తీసికొని వచ్చి సైకిళ్లతో ఆడించెను. లెక్క తెలుగులోనే పెట్టెను. అన్నగారు కుర్చీలో కూర్చుండి తీర్పులు చెప్పిరి.

కార్తికము వచ్చి నేల గట్టిపడగనే వారు బండి తీయుదురు. ఉదయము ఏడు గంటలకు మా వీధిలో ఫట్‌ఫటీ శబ్దము వినబడును. మొదటి గేరు, రెండవ గేరు, దానికి మించరు. గాడి వచ్చినచోట నిలుచుండి నడపుదురని పొరుగు రైతు చెప్పును. అవసరమైన చోట కాలు మోపుచున్నారు. దానిని మేమెవ్వరమును లెక్కించుట లేదు.